కళలో, మతంలో బంగారం: కరిగే లోహం, మిగిలే గుర్తు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• వేర్వేరు మతాలు బంగారాన్ని పవిత్రంగా భావించడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• తెలుగు నేలపై బంగారం చరిత్రకు దొరికే ఆధారాలను వర్గీకరించగలుగుతారు.
• రాజుల స్వర్ణదానానికీ, ప్రజల ఆచారాల్లోని ‘బంగారానికీ’ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• మీ ఇంట్లోని ఒక నగను చారిత్రక ఆధారంగా పరిశీలించి నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

హైదరాబాదులో అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర దిగి పంజాగుట్ట మీదుగా సోమాజిగూడ వైపు వెళితే దారి పొడవునా పెద్ద పెద్ద బంగారు నగల దుకాణాలు కనిపిస్తాయి. అద్దాల వెనక లక్ష్మీదేవి రూపు ఉన్న కాసులపేర్లు, నెమళ్లు చెక్కిన వడ్డాణాలు, గోపురం ఆకారపు బుట్టలు వేలాడుతుంటాయి. వ్యాపారులు వీటిని ‘టెంపుల్ జ్యువెలరీ’ అంటారు. అదే అమీర్‌పేట నుంచి మరోవైపు కొద్ది దూరం వెళితే బల్కంపేట ఎల్లమ్మ గుడి వస్తుంది. అమ్మవారి విగ్రహం నేలమట్టానికి దిగువన, బావిలో ఉంటుంది. ఆషాఢంలో ఆడవాళ్లు ఆమెకు బోనం తెస్తారు. బోనం కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగిస్తారు.

మొదటిచోట దేవత రూపం బంగారం మీదికి వచ్చింది. రెండోచోట బంగారపు వన్నె మాత్రమే దేవత దగ్గరికి వెళ్లింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న సంబంధమే ఈ పాఠ్యాంశం.

బంగారం ఎన్నటికీ చెడదు కాబట్టి అది దేవుడికి తగిన లోహమని మన పూర్వులు భావించారు. ఈ నమ్మకం అనేక దేశాల్లో ఉంది. అయితే చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. లోహంగా బంగారం చెడదు నిజమే. కానీ బంగారంతో చేసిన వస్తువంత సులువుగా మాయమయ్యేది మరొకటి లేదు. దాన్ని ఎప్పుడైనా కరిగించవచ్చు, మళ్లీ అమ్మవచ్చు. రాతి విగ్రహాన్ని పగలగొడితే ముక్కలైనా మిగులుతాయి. బంగారు విగ్రహాన్ని కరిగిస్తే ముద్ద మిగులుతుంది. ఆ ముద్దకు గతం ఉండదు. దాన్ని ఎవరు చేశారో, ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో అది చెప్పదు.

7.2 బంగారం ఎందుకు పవిత్రమైంది?

ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, బంగారానికి తుప్పు లేదు, చిలుము లేదు. ఇనుము, రాగి, వెండి కాలం గడిచేకొద్దీ రంగు మారుతాయి. వందల ఏళ్లు మట్టిలో ఉన్న బంగారం కడిగితే మళ్లీ మెరుస్తుంది. అందువల్ల అది అమరత్వానికి గుర్తయింది. రెండోది దాని వన్నె. అది సూర్యుడి రంగు, నిప్పు రంగు. శ్రీసూక్తం లక్ష్మిని బంగారు వన్నె గలదిగా వర్ణిస్తుంది. మూడోది దాని మెత్తదనం. ఒక గ్రాము బంగారాన్ని సాగగొడితే దాదాపు ఒక చదరపు మీటరు రేకు వస్తుంది. కొద్దిపాటి లోహంతో పెద్ద విగ్రహాన్ని, శిఖరాన్ని, గ్రంథపు పుటను బంగారుమయం చేయవచ్చు. ఈ మూడో గుణమే బంగారాన్ని కళాకారుల చేతికి అందించింది.

తూర్పు క్రైస్తవ దేవాలయాల్లో క్రీస్తు, మేరీమాత చిత్రాల వెనక ఆకాశం నీలంగా కాక బంగారంగా ఉంటుంది. అది ఈ లోకపు వెలుగు కాదని చెప్పడం దాని ఉద్దేశం. తంజావూరు నాయక, మరాఠా పాలకుల కాలంలో వికసించిన చిత్రకళలో పలకపై సున్నపు పూతతో ఉబ్బెత్తుగా రూపాలను తీర్చి, వాటిపై బంగారు రేకు అతికి, రాళ్లు పొదుగుతారు. ఆ కళను పెంచిన చిత్రకారుల్లో తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన రాజు కులస్థులు ముఖ్యులు. దక్కను చిత్రకారులు బంగారాన్ని మెత్తగా నూరి, జిగురులో కలిపి రంగుగా వాడారు.

మతాలకు బంగారం మీద అనుమానమూ ఉంది. బౌద్ధ వినయ నియమాలు భిక్షువులు బంగారం, వెండి స్వీకరించరాదని చెబుతాయి. కానీ బుద్ధుడి ధాతువులను బంగారు భరిణెలో ఉంచారు. ముస్లిం ధర్మశాస్త్రవేత్తలు మగవారు బంగారు నగలు ధరించరాదన్నారు. కానీ ఖురాన్ ప్రతులను బంగారు రంగుతో అలంకరించారు. మనిషి కూడబెట్టుకుంటే బంధం, సమర్పిస్తే పుణ్యం అనేది ఈ రెండు వైఖరుల సారాంశం. ఇచ్చినప్పుడే బంగారం పవిత్రమవుతుంది.

ఇక దాని బలహీనత చూడండి. దక్షిణ అమెరికాలో ఇంకా చక్రవర్తి అతహువాల్పాను స్పానిష్ సైనికులు బంధించినప్పుడు, అతని విడుదల కోసం ప్రజలు గదినిండా బంగారు వస్తువులు తెచ్చి పోశారు. 1533లో కహమార్కాలో వాటిలో చాలా భాగాన్ని కరిగించి కడ్డీలుగా పోశారు. చక్రవర్తినీ చంపేశారు. ఒక నాగరికత శిల్పకళ కొద్ది నెలల్లో తూకంగా మారిపోయింది.

కాబట్టి పాతకాలపు బంగారం గురించి మనకు తెలిసేది ప్రధానంగా మూడు మార్గాల్లో: నేలలో దాగి మిగిలింది, రాతలో నిలిచింది, మాటలో బతికింది. వీటిని వరుసగా పరిశీలిద్దాం.

7.3 నేలలో దాగిన బంగారం

1892లో అలెగ్జాండర్ రే గుంటూరు ప్రాంతంలోని భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు లోపల రాతి పెట్టెలు, స్ఫటిక భరిణెలు, వాటితోపాటు సన్నని బంగారు పూలు, పూసలు బయటపడ్డాయి. ఆ పూలు అలంకారానికి చేసినవి కావు. స్తూపం మూసిన తరవాత ఎవరూ వాటిని చూడలేరు. చూడడానికి వీల్లేనిచోట పెట్టడమే ఆ సమర్పణ అర్థం. అందువల్లనే అవి కరగకుండా మిగిలాయి.

అయితే ఆ బంగారు పూల మీద ఒక్క అక్షరం లేదు. దాతల పేర్లు, వారి తల్లిదండ్రుల ప్రస్తావన, గోష్ఠి సభ్యుల పేర్లు రాతి పెట్టెల మీద బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. బంగారం మెరిసింది, రాయి మాట్లాడింది.

నాగార్జునకొండ మరింత స్పష్టమైన ఉదాహరణ. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి ప్రధాన దాత. ఆ స్తూపపు ఆయక స్తంభాల శాసనాలు ఆమె సోదరుడైన చాంతమూల రాజు కోట్ల బంగారాన్ని, లక్ష గోవులను, లక్ష నాగళ్లను దానం చేశాడని కీర్తిస్తాయి. లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాల్లో ఆ స్తూపంలో దొరికిన ధాతువు స్తూపాకారపు వెండి భరిణె లోపల, అంగుళం కూడా లేని చిన్న బంగారు భరిణెలో ఉంది. శాసనంలోని కోట్లలో మన కంటికి కనిపించేది అంతే. ఆ కోట్లు అక్షరాలా నిజమా, ప్రశంసా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది లోహానికీ లిఖితానికీ ఉన్న వ్యత్యాసం.

శాతవాహనుల నాణేలు సీసం, రాగి, పోటిన్, వెండి లోహాలవే. ఆ కాలంలో బంగారు నాణేలు రోమ్ వ్యాపారంతో వచ్చాయి. వాటిలో కొన్నింటికి రంధ్రాలు చేసి మెడలో వేసుకున్నారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో (ఇది హైదరాబాదులోని కొండాపూర్ కాదు) 1940 దశకం తొలినాళ్లలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. అక్కడ రోమన్ నాణేలను పోలిన మట్టి పతకాలు దొరికాయి. బంగారం దొరకనివారు దాని రూపాన్ని మట్టిలో వేసుకున్నారన్నమాట. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి. 7.6లో మళ్లీ దీని అవసరం వస్తుంది.

7.4 రాతలో నిలిచిన బంగారం

పురాణాలు చెప్పిన పదహారు మహాదానాల్లో తులాపురుషం, హిరణ్యగర్భం ముఖ్యమైనవి. తులాపురుషంలో రాజు తన బరువుకు సమానమైన బంగారాన్ని దానం చేస్తాడు. హిరణ్యగర్భంలో రాజు బంగారు పాత్రలో ప్రవేశించి, కొత్తగా పుట్టినట్టు బయటికి వస్తాడు. ఆనందగోత్రజుడైన అత్తివర్మ, విష్ణుకుండి మాధవవర్మ ఈ క్రతువు చేసినట్టు తమ శాసనాల్లో చెప్పుకున్నారు. తరవాత ఆ పాత్రను ముక్కలు చేసి బ్రాహ్మణులకు పంచేవారు. అంటే కరిగిపోవడం ఆ పాత్ర విధిలోనే ఉంది. దాని జ్ఞాపకం మాత్రం రాగిరేకుల మీద ఉంది. శాశ్వతమనుకున్న లోహం పోయింది. దానికంటే తక్కువదనుకున్న రాగి ఆ సంగతి నేటిదాకా మోసుకొచ్చింది.

విజయనగర కాలంలో ఈ దానాలకు తిరుమల ప్రధాన వేదికైంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో నవరత్న కిరీటాన్ని సమర్పించాడు. 1514లో ఉదయగిరి విజయం తరవాత స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. విజయనగర వరహా బరువు సుమారు 3.4 గ్రాములు. ఆ లెక్కన చూస్తే ఇది దాదాపు 102 కిలోల బంగారం. 1518లో విమానానికి బంగారు పూత పెట్టించాడు. ఈ సంగతులు మనకు తిరుమల గోడల మీది శాసనాల వల్ల తెలుస్తున్నాయి. కొన్ని దానాల వివరాలను ఒకటికి మించిన భాషల్లో చెక్కించారు. ఏ ప్రాంతపు యాత్రికుడైనా చదువుకోవాలని రాజు కోరుకున్నాడు.

ఇక్కడ దానానికి రాజకీయ ప్రయోజనమూ ఉంది. యుద్ధంలో గెలిచిన సంపద దేవుడి చేతుల మీదుగా వెళితే అది దోపిడి సొమ్ముగా కాక ప్రసాదంగా కనిపిస్తుంది. రాజు గెలుపు దైవసమ్మతమవుతుంది.

7.4.1 భద్రాచలం: ఎవరి బంగారం?

17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాలో అధికారి. ప్రజలు ఆయన్ని రామదాసుగా ఎరుగుదురు. ఆయన వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, సీతారాములకు చింతాకు పతకం, కలికితురాయి వంటి నగలు చేయించాడనీ, అందుకు గోల్కొండ చెరసాల పాలయ్యాడనీ సంప్రదాయం చెబుతుంది. రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి సుల్తానుకు ఆరు లక్షల మాడలు చెల్లించారన్నది ఆ కథకు ముగింపు. ఆ నాణేలను ‘రామమాడలు’ అంటారు.

కథలోని అద్భుతాన్ని విశ్వసించడం, విశ్వసించకపోవడం పాఠకుడి ఇష్టం. చరిత్ర విద్యార్థి గమనించవలసింది కథ తీర్పును. కథ రామదాసు భక్తిని కీర్తిస్తుంది. అయినా సుల్తాను బాకీని కొట్టివేయలేదు. దేవుడే వచ్చి పైసాతో సహా చెల్లించి రసీదు తీసుకున్నాడు. దేవుడికి పెట్టినా సరే, ప్రజల సొమ్ముకు లెక్క చెప్పాలనే భావం ఈ కథ లోపల ఉంది.

7.5 రాత మీద తాపడం

ఈ ప్రశ్న మన కాలంలో మళ్లీ తలెత్తింది. తిరుమల ఆనందనిలయం విమానం మీది బంగారం రాగి రేకులకు పెట్టిన తాపడం. దాన్ని కాలానుగుణంగా మారుస్తారు. 1958లోనూ కొత్త తాపడం చేశారు. 2000 దశకం చివర తిరుమల తిరుపతి దేవస్థానం గర్భాలయం వెలుపలి గోడలకు కూడా బంగారు తాపడం చేయడానికి ‘ఆనందనిలయం అనంత స్వర్ణమయం’ పథకం చేపట్టింది. భక్తులు బంగారం సమర్పించారు. ఆ గోడల మీది శాసనాలు రేకుల వెనక మరుగునపడతాయనీ, దెబ్బతింటాయనీ అభ్యంతరాలు వచ్చాయి. వివాదం న్యాయస్థానానికి చేరింది. 2010లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పథకాన్ని నిలిపివేసింది.

ఇందులో రెండు పక్షాల వాదననూ అర్థం చేసుకోవాలి. భక్తుడి దృష్టిలో గుడి జీవించి ఉన్న దేవుడి ఇల్లు, పురావస్తువు కాదు. రాయలకు ఉన్న హక్కు నేటి భక్తుడికి ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న తేలికైనది కాదు. కానీ రాయలు ఇచ్చాడని మనకు చెబుతున్నది ఆలయంలోని ఆ రాతిగోడలే. వెనకటి దాతలను తెరచాటు చేసే దానం తన తరవాతి తరాలకు తన గురించి కూడా ఏమీ చెప్పలేదు. రాగిరేకును మార్చవచ్చు. శాసనాన్ని మళ్లీ చెక్కలేం.

గోడలను వదిలి శిఖరానికి మాత్రమే తాపడం చేసినచోట ఈ చిక్కు రాదు. యాదగిరిగుట్టలో భక్తుల విరాళాలతో సుమారు 68 కిలోల బంగారం వాడి చేసిన స్వర్ణ విమాన గోపురాన్ని 2025 ఫిబ్రవరి 23న ఆవిష్కరించారు. అక్కడ భవిష్యత్ చరిత్రకారుడికి కావలసింది దాతల వివరాలు, తూకం, పనివారి పేర్లు, పని జరిగిన తీరు. ఇవి నమోదై భద్రంగా ఉంటే ఆ గోపురానికి చరిత్ర ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
భట్టిప్రోలు, నాగార్జునకొండ ఉదాహరణల్లో లోహం ఏం చెబుతుంది? రాత ఏం చెబుతుంది? ఐదు పంక్తుల్లో రాయండి.

7.6 మాటలో బతికిన బంగారం

ఇంతవరకు చూసింది రాజుల, అధికారుల బంగారం. గుడికి తులం బంగారం ఇవ్వలేని కోట్లాది మంది సంగతి ఏమిటి? వారు బంగారాన్ని వదులుకోలేదు. దాని పేరును తీసుకున్నారు. కొండాపూర్ మట్టి పతకాల్లో కనిపించిన పద్ధతే ఇక్కడ ఇంకా విస్తరించింది.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకొకసారి సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుంది. అక్కడ విగ్రహాలు లేవు. దేవతలకు గుర్తులు కుంకుమ భరిణె, వెదురు. భక్తులు తమ బరువుకు సరిపడా ‘నిలువెత్తు బంగారం’ సమర్పిస్తారు. ఆ బంగారం బెల్లం. దీన్ని హంపీ రాజుల తులాపురుషంతో పోల్చండి. త్రాసు అదే, మొక్కు అదే. రాజు త్రాసులో లోహం ఉంది. ఇక్కడి త్రాసులో బెల్లం ఉంది. రాజదానం కొద్దిమందికి అందింది. ఈ బంగారాన్ని అందరూ ప్రసాదంగా తింటారు.

తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి ఆకును పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఆ ఆకును ‘బంగారం’ అనే అంటారు. ఏడాదంతా మాట్లాడుకోనివారు కూడా ఆ రోజు బంగారం ఇచ్చిపుచ్చుకుని అలయ్ బలయ్ చేసుకుంటారు. బతుకమ్మలో తంగేడు పూలది పసిడి వన్నె. పైన పెట్టే గౌరమ్మను పసుపుతో చేస్తారు. పుస్తెలు చేయించే స్తోమత లేని ఇంట్లో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టినా పెళ్లి పెళ్లే. విజయనగరంలో పైడితల్లి, హైదరాబాదు బస్తీల్లో బంగారు మైసమ్మ – ఈ దేవతల పేర్లలోనే బంగారం ఉంది. పైడి అంటే బంగారమే కదా. పిల్లను ‘బంగారు తల్లీ’ అని పిలిచే ఇంట్లో బంగారం ఉండాలన్న నియమం లేదు.

కళలోనూ ఈ మార్గం ఉంది. నిర్మల్ చిత్రాల్లో నల్లని నేపథ్యం మీద రూపాలు బంగారు కాంతితో మెరుస్తాయి. ఆ వన్నెను మూలికల రసంతో సాధించేవారని సంప్రదాయం చెబుతుంది.

ఇవి అసలుకు నకళ్లని తీసిపారేయకూడదు. 7.2లో చెప్పుకున్నట్టు బంగారాన్ని పవిత్రం చేసింది ఇవ్వడమే అయితే, జమ్మి ఆకు, బెల్లం ఆ అర్థాన్ని పూర్తిగా నిలబెడుతున్నాయి. పైగా వీటిని ఎవరూ దోచుకోలేరు, తాకట్టు పెట్టలేరు, కరిగించలేరు. ఏటా వాడిపోయి ఏటా తిరిగి వచ్చే ఈ బంగారమే తరతరాలుగా చెక్కుచెదరకుండా ఉంది.

7.7 అమీర్‌పేట–పంజాగుట్ట: నేటి కరుగు

ఇప్పుడు మళ్లీ నగరంలోని ఆ దుకాణాల వైపు చూద్దాం. పూర్వం ఊళ్లో కంసాలి (తెలంగాణలో అవుసులాయన) కుంపటి ముందు కూర్చుని, గీటురాయి మీద వన్నె చూసి, మూసలో కరిగించి, మన కళ్లెదుటే నగ చేసేవాడు. ఆ నగ ఎవరి చేతిపనో ఇంటివారికి తెలుసు. నేడు చాలా నగలు కర్మాగారాల్లో తయారై వస్తున్నాయి. వన్నెను యంత్రం నిమిషాల్లో చెబుతుంది. 2021 నుంచి హాల్‌మార్కు నగల మీద బి.ఐ.ఎస్. చిహ్నం, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటున్నాయి. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు.

ఇది కొనుగోలుదారుకు మేలు చేసే ఏర్పాటు. ఒక విధంగా ఇదీ శాసనమే. అయితే ఇది లోహం గురించి చెబుతుంది, మనిషి గురించి చెప్పదు. పాత బంగారం మార్పిడిలో ఏం జరుగుతుందో గమనించండి. అమ్మమ్మ కాసులపేరును తూచి, రాళ్ల బరువు, తరుగు తీసివేసి, కరిగించి ధర కడతారు. అదే కౌంటరులో పాత ఆలయాల నగల నమూనాలో చేసిన కొత్త హారం కొంటాం. అంటే నిజంగా పాతదైన నగ కరిగిపోయి, పాతదానిలా కనిపించే నగ ఇంటికి వస్తుంది. లోహం నష్టపోలేదు. ఆ నగ పుట్టింటి నుంచి వచ్చిందా, ఏ కరువులో కుదువపెట్టారు, ఏ పెళ్లికి విడిపించారు అన్న సంగతులు ఆ మూసలో పోయాయి.

తెలుగు ఇళ్లలో ఈ నష్టం ఎక్కువగా స్త్రీల చరిత్రకు కలుగుతుంది. పొలం పట్టాల్లో, దస్తావేజుల్లో మగవారి పేర్లు ఉండేవి. పెళ్లికి పెట్టిన బంగారమే ఆడదాని సొంత ఆస్తిగా ఉండేది. దానికి కాగితం లేదు. ఆ నగే ఆమె దస్తావేజు. కుటుంబం గడవడానికి దాన్ని కరిగించడం తప్పు కాదు. బంగారం ఉన్నది అవసరానికే. కానీ కరిగించే ముందు నాలుగు మాటలు రాసుకోవడానికి ఖర్చేమీ లేదు. చాంతిసిరి పేరు మనకు తెలియడానికి కారణం ఆమె ఇచ్చిన సంపద మాత్రమే కాదు, ఆ సంగతి ఎవరో చెక్కడం.

7.8 క్షేత్ర అభ్యాసం

మీ ఇంట్లో లేదా బంధువుల ఇంట్లో ఉన్న ఒక పాత నగను ఎంచుకోండి. అది బంగారమే కానక్కరలేదు. వెండి కడియం, పూసలపేరు, పుస్తెలతాడు ఏదైనా చాలు. దాని రెండు వైపులా ఫొటో తీసి, కింది వివరాలను ఒక పుటలో రాయండి: ఇంట్లో దాన్ని పిలిచే పేరు, బరువు, దాని మీది బొమ్మలు, అక్షరాలు, ఎవరు చేయించారు, ఎవరు ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారు, తాకట్టు, మార్పిడి వివరాలు. ఇంట్లోని పెద్ద వయసు స్త్రీలను ముందుగా అడగండి. వారు చెప్పిన మాటలను వారి మాటల్లోనే రాయండి. మీరు విన్నది, ఊహించింది వేరువేరుగా చూపండి.

7.9 సారాంశం

చెడని గుణం, సూర్యకాంతి వంటి వన్నె, సాగే స్వభావం వల్ల బంగారం అనేక మతాల్లో దైవత్వానికి గుర్తయింది. అయినా బంగారు వస్తువులు సులువుగా కరిగి మాయమవుతాయి. అందువల్ల వాటి చరిత్రకు నేలలో దాగిన అవశేషాలు, రాయి, రాగి మీది రాతలు, ప్రజల మాటలు, ఆచారాలు ఆధారమవుతాయి. భట్టిప్రోలు నుంచి తిరుమల వరకు దాతలను గుర్తుంచుకున్నది లోహం కాదు, లిఖితం. మేడారం బెల్లం, దసరా జమ్మి ఆకు లోహం లేకుండానే దానం అర్థాన్ని కాపాడాయి. నేడు నగరాల్లో జరుగుతున్న నగల మార్పిడిలో కుటుంబాల చరిత్ర, ముఖ్యంగా స్త్రీల చరిత్ర కరిగిపోతున్నది. దాన్ని నమోదు చేయడం చరిత్ర విద్యార్థి చేయగలిగిన పని.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘శాశ్వతమైన లోహం, అశాశ్వతమైన వస్తువు’ – తెలుగు నేలపై బంగారం చరిత్ర ఆధారంగా చర్చించండి.
2. తులాపురుష దానాన్ని, మేడారం ‘నిలువెత్తు బంగారం’ మొక్కును పోల్చి రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆలయ గోడలకు బంగారు తాపడం విషయంలో భక్తుల దృష్టినీ, చరిత్రకారుల దృష్టినీ వివరించండి.
2. రామదాసు కథలో ప్రజాధనం గురించి వ్యక్తమయ్యే భావం ఏమిటి?
3. స్త్రీల చరిత్రకు నగలు ఏ విధంగా ఆధారమవుతాయి?